వంకరాయి మీది నీళ్ళు

చీపురును రెండుసార్లు నేలకేసి కొట్టి, పుల్లలు సమంగా సర్దుకుని, ఆమె మళ్ళీ వంగింది. వంతెన మీద ఆమె ఊడ్వాల్సిన సగం ఇంచుమించు అయిపోయింది. రాత్రి వానకు రాలిన ఆకులు నల్లరాళ్ళకు అతుక్కుపోయి ఒక పట్టాన వదలడం లేదు. దానికి తోడు ట్రాక్టర్లు పొలాల్లోంచి మోసుకొచ్చిన బురద. "దిగి టైర్లు దులుపుకుంటే వీళ్ళ సొమ్మేం పోతుందో" అని గొణుక్కుంటూ పిట్టగోడ మొదట్లో ఉన్న తూము ముందు కూర్చుంది. వాననీళ్ళు ఏట్లోకి పడిపోయేందుకు రాతిలో తొలిచిన కన్నం అది, చెయ్యి పట్టేంత ఉంటుంది. ఇనుప కొక్కెం లోపలికి పెట్టి గీకి, చెత్తంతా బయటికి లాగి, తలెత్తింది.

ఎత్తిన తల అలాగే ఉండిపోయింది. వంతెన నడుమ వంకరాయి మీద నీళ్ళు నిలబడి ఉన్నాయి.

"ఇదేం చోద్యం!" అంది పైకే.

ఇందులో చోద్యమేముంది, రాత్రి వాన పడింది, పొద్దున నీళ్ళు నిలిచాయి, అంతేగా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ రాయి నీళ్ళు తాగుతుంది. రెండు ఒడ్లలోనూ పసిపిల్లలక్కూడా తెలిసిన సంగతే. దాని తూము ఏనాడో పూడిపోయింది. మీద మన్ను పేరుకుని, గడ్డి మొలిచి, అసలు తూమెక్కడుందో కూడా కనిపించదు. అయినా ఎంత జడివాన కురిసినా సరే, పగలు మడుగు కట్టిన నీళ్ళు తెల్లారేసరికి మాయమైపోతాయి. ఇంటికి చుట్టాలొస్తే తీసుకొచ్చి మరీ చూపిస్తారు. రాతిలో ఎక్కడో సన్నటి పగులుందని కొందరన్నారు, ఏదో మహిమ అని కొందరన్నారు. ఆమెకు మహిమలతో పనిలేదు. నీళ్ళు పోతున్నాయి, తనకేం నష్టం అని ఊరుకుంది.

ఇవాళ రాయి తాగలేదు.

"ఎన్నాళ్ళని తాగుతుంది మరి? చెయ్యాల్సినవాడు చెయ్యక, తియ్యాల్సినవాడు తియ్యక..." అంటూ అవతలి ఒడ్డుకేసి ఉరిమి చూసింది. అటు సగం ఎర్రరాయి. ఆ ఎర్రరాళ్ళ మీద ఆకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈ వేళకు ఊడ్చేసి ఉండాలి. ఆ సగం ఊడ్చేది ఆమె సొంత అన్న.

ఆమెను అందరూ రుసరుసల పిన్ని అంటారు, వెనకాల. ముందర అనే దమ్ము ఎవరికీ లేదు. మనిషి పొట్టి. ఏళ్ళ తరబడి ఒకే చేత్తో చీపురు లాగి లాగి కుడిభుజం కిందికి జారింది. ఊరికే నిలబడినా ఎవరితోనో వాదిస్తున్నట్టే ఉంటుంది. మడమలు నెర్రెలిచ్చాయి, అరచేతులు కాయలు కాశాయి, గొంతు బొంగురుపోయింది. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. నిద్రలో కూడా దిగదని ఆమె భర్త అంటాడు.

ఆ కోపం సంగతి తెలియాలంటే వంతెన సంగతి తెలియాలి. పూర్వం అక్కడ పడవే దిక్కు. ఏరు పొంగినప్పుడల్లా పడవ తిరగబడేది, రెండు ఒడ్ల మీదా ఏడుపులు లేచేవి. ఆఖరికి రెండు ఊళ్ళూ కలిసి రాతివంతెన కట్టుకుందామనుకున్నాయి. కలవడమంటే ఎంతవరకు? ఈ ఒడ్డువాళ్ళు తమ గుట్టలోని నల్లరాయి తెచ్చారు, ఆ ఒడ్డువాళ్ళు తమ గుట్టలోని ఎర్రరాయి తెచ్చారు. ఆ మేస్త్రీ లాగిన తాడు ఈ మేస్త్రీ నమ్మనన్నాడు, ఈ మేస్త్రీ పెట్టిన గురి ఆ మేస్త్రీ చూడనన్నాడు. ఎవరి తాడు వాళ్ళు పట్టుకుని, ఎవరి ఒడ్డు నుంచి వాళ్ళు కమాను మీద కమాను కట్టుకుంటూ వచ్చారు. తీరా ఏటి నడుమ కలిసే రోజున చూస్తే ఏముంది, జానెడు తేడా! రెండు ఊళ్ళూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా ఇద్దరు మేస్త్రీలూ నువ్వంటే నువ్వని జుట్లు పట్టుకున్నారట. పడగొట్టి మళ్ళీ కట్టే ఓపిక ఎవరికుంది? ఒక పెద్ద బండను వంకరగా చెక్కి నడుమ దిగేసి ఆ తేడా కప్పేశారు. అదీ వంకరాయి. దాన్ని కూడా సగం ఒకడు, సగం ఒకడు చెక్కారు. ఉలిగాట్లు ఇటువైపు నిలువుగా, అటువైపు అడ్డంగా ఇప్పటికీ కనిపిస్తాయి.

తప్పెవరిదయ్యా అంటే, ఏ ఒడ్డున అడిగితే ఆ ఒడ్డు జవాబొస్తుంది. ఆమె ఎర్రరాయి మేస్త్రీ వంశంలో పుట్టి నల్లరాయి మేస్త్రీ ఇంటికి కోడలిగా వచ్చింది. పుట్టింట్లో "ఆ నల్లరాయివాళ్ళ వంకర" అని వింటూ పెరిగింది. అత్తింట్లో "మీ ఎర్రరాయివాళ్ళ వంకర" అని పడింది. కూరలో ఉప్పెక్కువైనా అదే మాట, గడప తగిలి పడినా అదే మాట.

కట్టినవాళ్ళ కుటుంబాలే ఎవరి సగం వాళ్ళు ఊడ్చుకోవాలి, తూములు తీసుకోవాలి, సందుల్లో మొలిచిన మొక్కలు పీక్కోవాలి. మొదటి నుంచీ ఉన్న కట్టుబాటు అది. వంకరాయికి మాత్రం వంతు. ఒక ఏడు ఈ ఒడ్డుది, ఒక ఏడు ఆ ఒడ్డుది. భర్తకు నడుం పడిపోయాక ఇటు చీపురు ఆమె చేతికొచ్చింది. తండ్రి తర్వాత అటు చీపురు అన్న చేతికి వెళ్ళింది. కొన్నేళ్ళు ఎంత బాగుండేదో! పొద్దున్నే చెరో ఒడ్డు నుంచీ ఊడ్చుకుంటూ వచ్చి నడుమ కలుసుకునేవాళ్ళు. ఆయనది ఎడమచేతి వాటం. ఎదురెదురుగా వంగితే ఆయన చీపురూ ఆమె చీపురూ కొట్టుకునేవి.

"అన్నా, నీ ఎడమచెయ్యి నాకు అడ్డమొస్తోంది" అనేది ఆమె.

"నీ నోటి కంటే నయమే కదే" అనేవాడు ఆయన. పిట్టగోడ మీద కూర్చుని ఒకే గ్లాసులో టీ పంచుకునేవాళ్ళు.

తర్వాత వరద వచ్చింది. ఏరు వంతెన మీదుగా పారింది. నీళ్ళు తగ్గాక మోకాలి లోతు ఒండ్రు. రెండు ఊళ్ళూ పారలు పట్టుకుని దిగి, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎత్తిపోశాయి. వంకరాయి మీది మన్ను కూడా ఎవరో ఎత్తేశారు. ఆ ఏడు వంతు ఇటువాళ్ళది. మరుసటి ఏడు పేచీ వచ్చింది. "మా వంతు అయిపోయింది, ఇక మీదే" అన్నాడు ఆమె భర్త. "ఊరంతా కలిసి ఎత్తిపోస్తే అది నీ వంతు ఎలా అవుతుంది బావా? నీ వంతు అలాగే ఉంది" అన్నాడు అన్న. భోజనాల దగ్గర మొదలైన మాట అది. మాటకు మాట పెరిగి, "వంకర మీ పుట్టుకలోనే ఉంది" అనేశాడు అన్న. భర్త అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఇద్దరికీ నడుమ నిలబడ్డ ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వొచ్చి ఆ రాయి బాగుచేసేదాకా నీతో మాట్లాడితే ఒట్టు" అంది అన్న మొహం మీదే.

"చచ్చినా దాని మీద చీపురు పెట్టను" అన్నాడు ఆయన.

అంతే. జుట్టు నల్లగా ఉన్నప్పుడు పట్టిన పంతం జుట్టు నెరిసినా వదల్లేదు. ఇద్దరూ రోజూ వంకరాయి అంచుదాకా ఊడ్చుకుంటూ వస్తారు, చీపురు తిప్పుకుని వెళ్ళిపోతారు. ఒకరి ఆకు ఒకరి వైపు ఎగిరిపడితే దగ్గి ఊరుకుంటారు. రాయి మీద దుమ్ము మన్నైంది, మన్ను మీద గడ్డి లేచింది. ఎవరికీ సిగ్గులేదు.

సైకిల్ గంట వినిపించింది. అవతలి ఒడ్డు పాలవాడు. వంకరాయి దగ్గర దిగి, నీళ్ళలోంచి సైకిలు నడిపించుకుంటూ వచ్చి ఆమె ముందు ఆగాడు.

"అక్కా, ఇవాళ రాయి తాగలేదేంటి?"

"నన్నడుగుతావేం? మీ పెద్దమనిషిని అడుగు. వంతు ఆయనది."

"అన్న మంచం పట్టాడక్కా. నిన్న మధ్యాహ్నం నుంచి లేవట్లేదు. ఊపిరి అందట్లేదు. డాక్టరొచ్చి చూసి, మీ వదినను బయటికి పిలిచి ఏదో చెప్పి పోయాడు. నీకు తెలీదా?"

చీపురు ఆగిపోయింది.

"చెప్పేవాళ్ళుంటే కదా తెలియడానికి!" అంది. గొంతు మామూలు కంటే ఒక మెట్టు పైకి లేచింది. "కబురు చెయ్యమన్నాడా?"

పాలవాడు నసిగాడు.

"నీళ్ళు నమలకు. నోటితో అన్నాడా లేదా? చెల్లెల్ని చూడాలని అన్నాడా?"

"అనలేదక్కా. నేనే అడిగాను, అటు పోతున్నాను, చెల్లెలికేమైనా చెప్పాలా అని. 'రాయి మీద నీళ్ళున్నాయేమో చూసి రా' అన్నాడు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూశావా! చూశావా ఆ మనిషిని! ఊపిరి ఆడకపోయినా వంతు గోలే. నేను దిగొచ్చి ఊడ్చానో లేదో చూసి రమ్మని నిన్ను పంపించాడు. పోయి చెప్పు. నిండా ఉన్నాయని చెప్పు. నీ పుణ్యమా అని రాయి కూడా చచ్చిందని చెప్పు!"

"అంత మాట నేను చెప్పలేను. నీళ్ళున్నాయని చెప్తా, అంతే. ఒక్కసారి వచ్చి చూసిపో అక్కా. ఎంత దూరమని?"

"నువ్వు పోయి పాలు పోసుకో."

అతను వెళ్ళిపోయాడు. ఆమె ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. తీసిన తూములే మళ్ళీ తీసింది. పిట్టగోడ సందులో ఎక్కడో మొలిచిన పిలక మొక్కను పట్టుకుని వేళ్ళతో సహా పెరికి ఏట్లోకి విసిరింది. రమ్మని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అంటే ఈ చీపురు ఇక్కడే పారేసి పరిగెత్తిపోయేది. అనడు. మొండిఘటం. రేపో మాపో పోతాడు కూడా, ఆ మాట అనకుండానే పోతాడు, తను మాట్లాడకుండానే ఉండిపోవాలి. అది తలుచుకునేసరికి భయం వేసింది. భయం వేసినందుకు ఇంకా కోపమొచ్చింది. ఎవరైనా ఎదురుపడితే తిట్టి పోసేదే, ఆ వేళకు వంతెన మీద ఎవరూ లేరు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి భర్తకు అన్నం పెట్టింది. గిన్నె నేలకు తగిలిన చప్పుడుకే ఆయనకు అర్థమైంది ఇవాళ గాలి ఎటు ఉందో. గోడకు దిండు ఆనించుకుని తినసాగాడు. కిటికీలోంచి వంతెన కనబడుతుంది. పైన మళ్ళీ మబ్బు పడుతోంది.

"ఏమయ్యా," అంది ఆమె. "ఆ వరద తర్వాతి ఏడు వంతు ఎవరిది? నిజం చెప్పు."

"ఏ వరద?"

"ఏ వరదేమిటి! ఒండ్రు ఎత్తిపోసిన వరద. నువ్వు మా అన్న ముందు నుంచి కంచం వదిలి లేచిన వరద."

ఆయన ముద్ద మింగాడు. "ఏమో. మనదేనేమో. ఎవరికి గుర్తుంది? ఇప్పుడా గొడవెందుకు, కాసిని మంచినీళ్ళివ్వు."

ఆమె నీళ్ళగ్లాసు పెట్టిన పెట్టుడుకు సగం ఒలికిపోయాయి.

"ఎవరికి గుర్తుందా? నీ మాట కింద పడకూడదని తోడబుట్టినవాణ్ణి వదులుకున్నానయ్యా నేను! పొద్దున లేచి ఎదురెదురుగా నిలబడి, ఆ మొహం చూసి కూడా చూడనట్టు తిరిగొస్తున్నానయ్యా! నీకు గుర్తే లేదా?"

"నేను వదులుకోమన్నానా?" అన్నాడాయన మెల్లగా. "నేను లేచిపోయాను. నిజమే. ఒట్టు పెట్టుకుంది నువ్వు."

ఆ మాట నిజం. అందుకే అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె తన కంచం ముందు కూర్చోనే లేదు. కొక్కెం చేతిలోకి తీసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడింది.

వంతెన ఎక్కేసరికి వాన అందుకుంది. చినుకు చినుకుగా కాదు, ఒక్కసారే. వంకరాయి మీది పాత నీళ్ళకు కొత్త నీళ్ళు కలిసి మడుగు అంచు దాటింది. ఆమె ఊడ్చిన నల్లరాళ్ళ మీదికి ఎర్రటి బురదనీళ్ళు పాకుతున్నాయి. రాళ్ళ నడుమ సందుల్లోంచి చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి. లోపల గార నానుతోంది. ఇన్నాళ్ళలో ఆమె అలాంటిది చూడలేదు.

అంచు దగ్గర నిలబడింది. ఇన్నేళ్ళూ ఆమె పాదం ఆగిన చోటు అదే.

"సరే. నువ్వే గెలువు!" అని అవతలి ఒడ్డుకేసి అరిచింది. "ఊపిరాడనివాడితో పంతమేమిటి నాకు! వంతు మాదే. మాదే అనుకో. చాలా?" అని నీళ్ళలోకి దిగింది. చీలమండలు మునిగాయి. పిట్టగోడ పక్కన తూము ఉండాల్సిన చోట వంగి, గడ్డి దుబ్బు రెండు చేతులా పట్టుకుని, ఉన్న కోపమంతా పెట్టి లాగింది.

దుబ్బు పెరికినట్టు రాలేదు. మూతలా లేచింది.

లేచింది గడ్డి కాదు, పలక. పలచటి రాతిపలక. దాని మీద మన్ను పరిచి ఉంది, మన్ను మీద గడ్డి పెరిగి ఉంది. ఏం జరుగుతోందో తెలియక, జారిపోకుండా దాని అంచు కింద వేళ్ళు దూర్చింది. అక్కడ వేళ్ళు పట్టడానికి ఒక గాడి చెక్కి ఉంది. కుడిచేతి వేళ్ళు అందులో ఇమడలేదు. ఎడమచెయ్యి పెట్టింది. వేళ్ళు చక్కగా కూర్చున్నాయి. గాడి లోపల రాయి అరిగిపోయి నున్నగా ఉంది.

పలకను ఎత్తి పక్కకు పడేసింది. నీళ్ళు ఒక్కసారి సుడి తిరిగి గుడగుడమంటూ తూములోకి దిగిపోయాయి. కింద ఏట్లో ధార పడుతున్న చప్పుడు వినిపించింది. చూస్తుండగానే మడుగు తగ్గిపోయి, బురద కింద నుంచి ఉలిగాట్లు బయటపడ్డాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టింది. పూడిక లేదు. చెత్త లేదు. గోడలకు గార పూసి ఉంది. పాత గార కాదు, ఈ మధ్య పూసిందే.

రాయి ఏనాడూ నీళ్ళు తాగలేదు. వాన పడిన ప్రతి రాత్రీ ఒక మనిషి చీకట్లో వచ్చి మూత తీసి, తెల్లారకముందే మూత పెట్టి పోయాడు. పైన దుమ్ము ముట్టుకోలేదు. చీపురు పెట్టనన్నాడు, పెట్టలేదు. నీళ్ళున్నాయేమో చూసి రమ్మన్నది తనను దెప్పడానికి కాదు. లేచి వచ్చి మూత తీయలేకపోయి.

"దొంగ!" అంది ఆమె. "దొంగ మొహమా! బాగుచేసేదాకా మాట్లాడనన్నాను కదరా! బాగుచేశావుగా! చెప్పడానికేం రోగం! ఒక్క మాట చెప్పడానికి నీ నోరేమైనా పడిపోయిందా!" అన్నను ఏనాడూ 'రా' అని పిలవలేదు. ఇవాళ నోటికి అదే వచ్చింది. వానలో ఆ కేకలు ఎవరికి వినిపిస్తాయి? లేచి పరిగెత్తింది. ఎర్రరాళ్ళు కాళ్ళ కింద జారుతున్నాయి. పుట్టింటి ఒడ్డు చేరేదాకా తిడుతూనే ఉంది. తిట్టడం ఆపితే ఇంకేదో వస్తుందని ఆమెకు తెలుసు.

వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమెను చూడగానే పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"ఇందాకే అమ్మాయీ," అంది.

ఆమె ద్వారబంధం మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"పాలవాడొచ్చి రాయి మీద నీళ్ళున్నాయన్నాడు. వినగానే లేవబోయాడు. చెప్పులేవి, చెప్పులేవి అన్నాడు. నేనే భుజాలు పట్టుకుని పడుకోబెట్టాను. పడుకున్నాడు. కాసిని నీళ్ళు తెద్దామని లోపలికెళ్ళి వచ్చాను, అంతలోనే..." వదిన తలుపు గడియ మీద చెయ్యి వేసింది. "వాన పడితే చాలు, రాత్రి తలుపు గడియ వెయ్యనిచ్చేవాడు కాదు. నీకు చెప్పేస్తానని ఎన్నిసార్లు అన్నానో. చెప్పావంటే నీతో కూడా మాట్లాడను అనేవాడు. నాక్కూడా పిరికితనమే అమ్మాయీ. ఆ మూత నా చెల్లెలు తనంతట తనే చూడాలి అనేవాడు."

ఆమె వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది. బట్టల నుంచి నీళ్ళు కారి మడుగు కడుతున్నాయి. అన్న మొహం చూసి ఎన్నాళ్ళైందో అంత దగ్గరగా. గడ్డం తెల్లబడింది. బుగ్గలు లోపలికి పోయాయి. ఎడమచెయ్యి దుప్పటి మీద ఉంది. గోళ్ళ సందుల్లో తెల్లగా గార.

ఆ చెయ్యి పట్టుకుని కుదిపింది.

"లే. మాట్లాడటానికొచ్చాను. చూశాను మూత. చూశాను, విన్నావా? ఒట్టు తీరిపోయింది. లేచి ఏదో ఒకటి అను. నా నోటికి వంక పెట్టు. వంతు మీదేనని అను, ఒప్పుకుంటాను. అరే, లే అంటుంటే!"

వదిన వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆమె విదిలించుకుంది. కాసేపటికి ఆ చేతినే పట్టుకుని, పెద్దగా, ఇంటి బయట అరుగు మీద నిలబడ్డవాళ్ళందరికీ వినిపించేలా ఏడ్చింది. ఏడుస్తూ కూడా తిట్టింది. అన్నను తిట్టింది, భర్తను తిట్టింది, ఆ ఇద్దరు మేస్త్రీలనూ తిట్టింది. అందరి కంటే ఎక్కువ తనను తాను తిట్టుకుంది.

సాయంత్రానికి వాన కొంచెం తెరిపిచ్చింది. నడవలేని భర్తను తీసుకురావడానికి పాలవాడు రిక్షా తెస్తానన్నాడు. ముందుగా ఆయనకు చెప్పి రావడానికి ఆమె బయల్దేరింది. గుమ్మం పక్కన గోడకు ఆనించి ఉన్న అన్న చీపురు తీసుకుంది. అరిగి పొట్టిదైపోయింది, పుల్లలన్నీ ఒకవైపుకే వాలిపోయి ఉన్నాయి. ఎర్రరాళ్ళ మీద రాత్రి నుంచి పడి ఉన్న ఆకులు ఊడ్చుకుంటూ వచ్చింది. ఆ చీపురు ఆమె చేతికి లొంగలేదు. ప్రతి తోపుకూ ఎడమకే లాగుతోంది. రెండు చేతులా పట్టుకుని పళ్ళు బిగించి ఊడ్చింది. వంకరాయి దగ్గరికొచ్చాక ఆగలేదు, దాన్ని కూడా ఊడ్చింది. మన్ను పెళ్ళలు పెళ్ళలుగా లేచి తూములోంచి ఏట్లో పడింది.

మధ్యాహ్నం ఆమె విసిరేసిన చోటే పలక పడి ఉంది. గడ్డి కిందికి, గాడి పైకి. అన్న వేళ్ళు అరగదీసిన ఆ గాడి నిండా వాననీళ్ళు నిలిచి ఉన్నాయి.